ఏడీహెచ్‌డీ, మెదడులో రసాయనాలు, మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ ఉంది, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతిచలనం (ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం) ఉండే సమస్య. డాక్టర్ ఆ మాట చెప్పినప్పటి నుంచి చుట్టాలు, తోటి తల్లులు, స్కూల్ టీచర్లు మమ్మల్ని అడిగినవీ, మేము డాక్టర్లను అడిగినవీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను డాక్టర్ని కాను, కాబట్టి ఇది చదివి ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, వాడుతున్నది ఆపొద్దు. కానీ డాక్టర్ దగ్గర దొరికే కాస్త సమయంలో అడగలేకపోయేవి చాలా ఉంటాయి. ముఖ్యంగా మెదడులో అసలు ఏం జరుగుతోంది, ఆ మాత్ర లోపలికి వెళ్లి ఏం చేస్తుంది అన్నవి. అవి తెలిస్తే పిల్లల మీద కోపం తగ్గుతుంది, మందు మీద భయమూ తగ్గుతుంది.

మా వాడు ఫోన్‌లో గేమ్ అయితే మూడు గంటలు కదలకుండా ఆడతాడు, పుస్తకం తీస్తే మూడు నిమిషాలు కూర్చోడు. కావాలని చేస్తున్నట్టే కదా?

చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు శ్రద్ధ ఉంటుంది, దాన్ని కావలసిన చోట పెట్టి అక్కడే నిలపడం వాళ్లకు కష్టం. గేమ్‌లో కొన్ని సెకన్లకోసారి ఏదో ఒకటి దక్కుతూ ఉంటుంది, పాయింట్లో, చప్పుడో, కొత్త లెవలో. లెక్కల హోంవర్క్‌కి దక్కేది రేపు టీచర్ పెట్టే టిక్కు, లేదంటే ఎప్పుడో వచ్చే మార్కులు. ఇప్పుడే దొరికే చిన్న బహుమతి, ఆగితే దొరికే పెద్ద బహుమతి రెండూ ముందు పెట్టి ఏది కావాలని అడిగితే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు మిగతా పిల్లలకంటే ఎక్కువగా చిన్నదాన్నే ఎంచుకుంటారని ప్రయోగాల్లో పదే పదే తేలింది. దూరంగా ఉన్న ఫలితం వాళ్ల మెదడుకు చాలా బలహీనంగా ఆనుతుంది. దీని వెనక ఉన్నది ప్రధానంగా మెదడులో డోపమైన్ అనే రసాయనం నడిపే వ్యవస్థ. అందుకే "నీకు ఇష్టమైతే చేస్తావుగా" అని దెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ ఇష్టం అనేదాన్ని నడిపించే చోటే ఇబ్బంది ఉంది.

అసలు శ్రద్ధకూ రసాయనాలకూ ఏమిటి సంబంధం?

ఇది కాస్త నిదానంగా చదవండి, మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మన నుదుటి వెనక ఉండే మెదడు భాగాన్ని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. చేస్తున్న పని మనసులో పెట్టుకోవడం, పక్కన చప్పుడైనా అటు తిరగకపోవడం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం, ఒకదాని తర్వాత ఒకటి వరసగా చేయడం, ఇవన్నీ ఎక్కువగా అక్కడ జరిగే పనులు. అక్కడి నాడీకణాలు బాగా పనిచేయాలంటే రెండు రసాయనాలు సరైన మోతాదులో అందుతుండాలి: డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్. నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువగా మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు నుంచి వస్తుంది, డోపమైన్ మధ్యమెదడు నుంచి వస్తుంది.

ఈ రెండూ చేసే పని ఒకటే కాదు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీన్ని కోతుల్లోనూ ఎలుకల్లోనూ పరిశోధించారు. ఆదివారం ఉదయం రైతుబజార్‌లో నిలబడి ఒకే ఒక్క అమ్మకందారు మాట వినాలనుకోండి. నార్‌ఎపినెఫ్రిన్ ఆల్ఫా-2ఏ అనే రిసెప్టర్ల (నాడీకణం మీద రసాయనాన్ని అందుకునే చోట్ల) ద్వారా ఆ అమ్మకందారు గొంతు పెంచుతుంది. డోపమైన్ డీ1 రిసెప్టర్ల ద్వారా మిగతా అరుపుల్ని తగ్గిస్తుంది. ఈ రెండూ కుదరకపోతే టీచర్ మాట, ఫ్యాన్ చప్పుడు, కిటికీ బయట ఆటో, పక్కవాడి పెన్సిల్, అన్నీ ఒకేలా గట్టిగా వినిపిస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ రసాయనాలు ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకోకూడదు. మరీ తక్కువైనా ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సరిగా పనిచేయదు, మరీ ఎక్కువైనా పనిచేయదు, మధ్యలో ఒక మేర దగ్గరే బాగా పనిచేస్తుంది. నిద్రమత్తులో ఉన్నప్పుడు తక్కువ, విపరీతమైన టెన్షన్‌లో ఎక్కువ. పరీక్ష హాల్లో కూర్చోగానే చదివిందంతా ఎగిరిపోవడం అందరికీ తెలిసిన అనుభవమే కదా, అక్కడ జరిగేది అదే. పిల్లాడి నెత్తిన నిలబడి గట్టిగా అరిస్తే చదువు ఎక్కదని పెద్దలు అనుభవంతో చెప్పే మాటకు ఇదొక కారణం.

అంటే డోపమైన్ తక్కువైతే ఏడీహెచ్‌డీ వస్తుందా? రక్తపరీక్షలో తెలుస్తుందా?

రెండూ కాదు. "ఏడీహెచ్‌డీ అంటే డోపమైన్ లోపం" అని వీడియోల్లో చెప్పేస్తుంటారు, అది మరీ పొట్టి చేసిన మాట. 2009లో అమెరికా శాస్త్రవేత్త నోరా వోల్కోవ్ బృందం, ఏడీహెచ్‌డీ ఉండి అప్పటికి మందు వాడని 53 మంది పెద్దవాళ్లకు పెట్ స్కాన్లు (మెదడులో రసాయనాల తీరు చూపే స్కాన్లు) తీసి చూస్తే, బహుమతికి స్పందించే భాగాల్లో కొన్ని డోపమైన్ రిసెప్టర్లు, ట్రాన్స్‌పోర్టర్లు (వదిలిన డోపమైన్‌ను తిరిగి కణంలోకి లాగేసుకునేవి) తక్కువగా కనిపించాయి. వేరే పరిశోధనల్లో ట్రాన్స్‌పోర్టర్లు ఎక్కువగా కనిపించాయి. అంతకు ముందు మందు వాడారా లేదా అన్నదాన్ని బట్టి కూడా ఈ లెక్క మారుతున్నట్టు తర్వాత తేలింది. ఆ రసాయనాలు అందే తీరులో, సమయంలో, వాడకంలో తేడా ఉందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. ఒక సీసాలో మట్టం తగ్గినట్టు తగ్గిందని చెప్పడానికి లేవు.

రక్తంలో డోపమైన్ కొలిస్తే మెదడు సంగతి తెలియదు, ఎందుకంటే రక్తంలోని డోపమైన్‌కి మెదడులోకి వెళ్లే వీలు లేదు. స్కాన్ తీసి ఒక మనిషికి ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్పే పద్ధతి కూడా ఇప్పటికి లేదు. ఎవరైనా అలాంటి పరీక్షకు వేలు అడిగితే ఇవ్వకండి. డాక్టర్ మాట్లాడి, తల్లిదండ్రుల్నీ టీచర్నీ అడిగి, లక్షణాలు చూసి చెబుతారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే నిర్ధారణ పుస్తకం ప్రకారం శ్రద్ధ లోపం, అతిచలనం అనే రెండు వర్గాల్లో కనీసం ఒకదానిలో, అందులో ఉన్న తొమ్మిది లక్షణాల్లో పిల్లల్లో కనీసం ఆరు, 17 ఏళ్లు దాటినవాళ్లలో ఐదు ఉండాలి, కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా స్కూల్లోనో మరోచోటో కూడా కనిపించాలి. రక్తపరీక్షలు చేయించేది వేరే కారణాలున్నాయేమో చూడటానికి. థైరాయిడ్, రక్తహీనత లాంటివి.

మా పెంపకంలో తప్పా? ఇంట్లో పెద్దవాళ్లు గారాబం వల్లే అంటున్నారు.

గారాబం వల్ల ఏడీహెచ్‌డీ రాదు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 74 శాతం జన్యువుల వల్లే అని తేలింది. అయితే దీనికి ఒకే జన్యువు అంటూ లేదు. 2023లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో 27 చోట్లు గుర్తించారు, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉండటం కూడా అవకాశాన్ని కొంత పెంచుతాయి. చాలా ఇళ్లలో బాబును డాక్టర్‌కి చూపిస్తుంటే నాన్నో మేనమామో "నేనూ చిన్నప్పుడు అచ్చం ఇంతే" అంటారు, ఆ మాట డాక్టర్‌తో చెప్పండి, అది పనికొచ్చే సమాచారం.

మెదడు ఎదుగుదల సంగతి కూడా తెలుసుకోవాలి. 2007లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం పిల్లల మెదడు స్కాన్లు ఏళ్ల తరబడి తీసి పోల్చింది. మెదడు పైపొరలో సగం చోట్లు గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో సుమారు పదిన్నరేళ్లు. ఎదుగుదల వరస అదే, వచ్చేది ఆలస్యంగా, అన్నిటికన్నా ఆలస్యం ప్రీఫ్రంటల్ భాగంలోనే. కాబట్టి పదేళ్ల పిల్లాడు తన బ్యాగు తను సర్దుకోలేకపోతుంటే పక్కింటి పదేళ్ల పిల్లాడితో పోల్చకండి. పెంపకం జబ్బును తేదు కానీ, పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో మాత్రం చాలావరకు పెంపకమే నిర్ణయిస్తుంది.

ఇది ఈ మధ్య అమెరికా వాళ్లు పుట్టించిన జబ్బు కాదా?

1798లోనే స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ శ్రద్ధ నిలవని మనుషుల గురించి రాశారు. 1902లో లండన్‌లో పిల్లల డాక్టర్ జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి, 1980లో ఏడీడీ అన్నారు, 1987లో ఏడీహెచ్‌డీ అన్నారు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో దాదాపు 5 శాతం మందికి ఉంటుందని లెక్క. మన దగ్గర కొత్తగా కనిపిస్తోందంటే ఇదివరకు "ఆకతాయి", "మొద్దు", "చదువు అబ్బలేదు" అని పక్కన పెట్టేసిన పిల్లల్ని ఇప్పుడు డాక్టర్‌కి చూపిస్తున్నాం కాబట్టి.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందు స్టిమ్యులెంట్ అన్నారు, అంటే ఉత్తేజపరిచేది కదా, అల్లరి పిల్లాడికి ఇస్తే ఇంకా రెచ్చిపోడా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది, పైగా నిజంగా మంచి ప్రశ్న. దీని వెనక చరిత్ర కూడా ఉంది. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ తన ఆసుపత్రిలోని పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఆంఫెటమిన్ మందు ఇచ్చారు. అది మొదట్లో మెదడు ఎక్స్‌రే పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పికి ఇచ్చిన మందు. తలనొప్పి సంగతి అటుంచితే, 30 మంది పిల్లల్లో దాదాపు సగం మంది ఒక్కసారిగా బుద్ధిగా చదువుకోవడం మొదలుపెట్టారు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశారు, దానికి తన భార్య రీటా పేరు మీద రిటాలిన్ అని పేరు పెట్టారు. మన దేశంలో కూడా డాక్టర్లు ఎక్కువగా రాసే ఏడీహెచ్‌డీ మందు ఈ మిథైల్‌ఫెనిడేటే, కంపెనీల పేర్లు వేరు.

ఇక అది ఎలా పనిచేస్తుంది అంటే, నాడీకణం డోపమైన్‌ను బయటకు వదిలాక పని అయిపోగానే దాన్ని తిరిగి లోపలికి లాగేసుకునే ట్రాన్స్‌పోర్టర్లు ఉంటాయి. నార్‌ఎపినెఫ్రిన్‌కి కూడా అలాంటివే ఉంటాయి. మిథైల్‌ఫెనిడేట్ వీటికి అడ్డుపడుతుంది, దాంతో రసాయనం ఇంకాసేపు బయట ఉండి పనిచేస్తుంది. ఆంఫెటమిన్ మందులు అడ్డుపడటమే కాక లోపలున్నదాన్ని కూడా బయటకు తోస్తాయి. చికిత్సకు ఇచ్చే తక్కువ మోతాదులో దీని ప్రభావం ముందుగా, బలంగా పడేది ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద, అంటే మెదడులో ఆపుదల చేసే భాగం మీద. ఉత్తేజం వచ్చేది బ్రేకులకు. అందుకే పిల్లాడు నెమ్మదిస్తాడు.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలోనే ఇలా విచిత్రంగా పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1978లో జూడిత్ రాపోపోర్ట్ బృందం ఏ సమస్యా లేని మగపిల్లలకు డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఒక మోతాదు ఇచ్చి చూస్తే వాళ్లలోనూ కదలికలు తగ్గాయి, శ్రద్ధ పెరిగింది. కాబట్టి "మందు వేస్తే బాగా చదివాడు, అంటే ఏడీహెచ్‌డీ ఉన్నట్టే" అనడం తప్పు. జబ్బు ఉందో లేదో ముందే తేలాలి.

ఇంకొకటి నాకు బాగా ముఖ్యం అనిపించింది. 2004లో వోల్కోవ్ బృందం కొంతమందికి మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి లెక్కలు చేయించింది, మరోసారి ఇచ్చి ఊరికే బొమ్మలు చూపించింది. లెక్కలు చేస్తున్నప్పుడే డోపమైన్ గణనీయంగా పెరిగింది, ఆ లెక్కలు ఆసక్తిగా ఉన్నాయని కూడా వాళ్లు చెప్పారు. మందు తెలివిని పెంచలేదు, చప్పగా ఉన్న పనికి కాస్త రుచి తెచ్చింది. ఇంట్లో చూస్తే ఇది కనిపిస్తుంది: పిల్లాడు మేధావి అయిపోడు, "ఈ లెక్క అయ్యాక ఇంకోటి" అంటాడు అంతే. మొదటిసారి ఆ మాట విన్న తల్లికి తెలుస్తుంది అది ఎంత పెద్ద మాటో.

డాక్టర్ ఆటోమాక్సెటిన్ అనే మందు రాశారు. అది స్టిమ్యులెంట్ కాదన్నారు. మరి డోపమైన్ ఎలా పెరుగుతుంది?

ఆటోమాక్సెటిన్ నార్‌ఎపినెఫ్రిన్ ట్రాన్స్‌పోర్టర్‌కి మాత్రమే అడ్డుపడుతుంది. కానీ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు చాలా తక్కువ, అక్కడ డోపమైన్‌ను కూడా ఎక్కువగా వెనక్కి లాగేది ఈ నార్‌ఎపినెఫ్రిన్ ట్రాన్స్‌పోర్టరే. దానికి అడ్డుపడితే అక్కడ రెండూ పెరుగుతాయి. మెదడులో బహుమతికి స్పందించే భాగంలో మాత్రం డోపమైన్ పెరగదు, అందుకే దీనికి అలవాటుపడే భయం లేదు.

మిథైల్‌ఫెనిడేట్ వేసిన గంటలోపే తెలుస్తుంది, దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. రెండు వారాలు వాడి పనిచేయలేదని మానేసేవాళ్లు చాలామంది. వికారం, కడుపునొప్పి, మగత ఉండొచ్చు, అన్నం తిన్నాక వేస్తే కొంత నయం. కొద్దిమంది పిల్లల్లో మొదట్లో చనిపోవాలనే ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఉంది, కాబట్టి మొదటి వారాల్లో పిల్లాడి మూడ్ ఎలా ఉందో కనిపెట్టుకుని ఉండాలి, ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ అనేవి ఇంకో రకం, పైన చెప్పిన ఆల్ఫా-2 రిసెప్టర్ల మీద నేరుగా పనిచేస్తాయి. అల్లరి, కోపం, నిద్ర సమస్యలు ఎక్కువున్న పిల్లలకు డాక్టర్లు వీటిని ఆలోచిస్తారు.

జీవితాంతం అలవాటు పడిపోతాడేమో. ఇది డ్రగ్స్ లాంటిదేనట కదా?

మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల చట్టం) కింద నియంత్రణలో ఉన్న మందు, అది నిజం. చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని మందుల షాపుల్లో దొరకదు. ఆ చట్టం పేరు విని భయపడి మానేసినవాళ్లను చూశాను. కానీ వ్యసనం పుట్టేది రసాయనం పేరును బట్టి కాదు, అది మెదడుకు ఎంత వేగంగా చేరుతుంది, ఎంత మోతాదులో చేరుతుంది అన్నదాన్ని బట్టి. మత్తు కోసం నరంలోకి ఎక్కించుకుంటే నిమిషాల్లో డోపమైన్ ఎగసిపడుతుంది, ఆ ఎగసిపాటే మత్తు. మాత్ర మింగితే నెమ్మదిగా గంటకో గంటన్నరకో గరిష్ఠానికి చేరి నెమ్మదిగా దిగుతుంది. అందుకే దీర్ఘకాలం పనిచేసే మాత్రల్ని నూరి, విరిచి ఇవ్వకూడదు, ఆ నెమ్మదే మాత్రకు రక్షణ.

చికిత్స తీసుకున్న పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల్లో పడే అవకాశం పెరిగినట్టు పరిశోధనల్లో కనపడలేదు. చికిత్స లేని ఏడీహెచ్‌డీకే ఆ ముప్పు ఎక్కువ. 2012లో స్వీడన్‌లో 25,000 మందికి పైగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల రికార్డులు చూస్తే, మగవాళ్లలో మందు వాడుతున్న కాలంలో నేరాలు 32 శాతం తక్కువగా ఉన్నాయి. అదే మనిషి, మందు ఉన్న రోజులూ లేని రోజులూ పోల్చి చూసిన లెక్క కూడా అందులో ఉంది. అయినా మాత్రల డబ్బా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, లెక్కపెట్టి ఉంచాలి.

సైడ్ ఎఫెక్టులు ఏమిటి? తిండి మానేశాడు, రాత్రి నిద్ర పోవట్లేదు.

ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి, ఇవి ఎక్కువగా వచ్చేవి. మధ్యాహ్నం స్కూల్ బాక్స్ అలాగే తిరిగి వస్తుంది, దాని కోసం యుద్ధం చేయకండి. మాత్రకు ముందే ఇడ్లీ, గుడ్డు, పెసరట్టు ఏదో ఒకటి కడుపునిండా పెట్టండి, సాయంత్రం మందు దిగాక ఆకలి విపరీతంగా వేస్తుంది, అప్పుడు భోజనం సిద్ధంగా ఉంచండి, రాత్రి పెరుగన్నమో పాలో అదనంగా ఇవ్వండి. నిద్ర పట్టకపోతే మాత్ర వేసే వేళ, రకం మార్చే వీలుంది. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు, దీర్ఘకాలం పనిచేసేవి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటాయి.

మందు దిగే వేళ కొందరు పిల్లలు చిన్నదానికే ఏడుస్తారు, చిరాకుపడతారు. ఆ అరగంట హోంవర్క్ పెట్టొద్దు. ఎత్తు విషయంలో, అమెరికాలో జరిగిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనంలో క్రమం తప్పకుండా వాడిన పిల్లలు మొదటి మూడేళ్లలో సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. అందుకే ప్రతి కొన్ని నెలలకూ ఎత్తు, బరువు, నాడి, బీపీ చూడాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినా, హఠాత్తుగా చనిపోయినా, పిల్లాడు ఆడుతూ స్పృహ తప్పినా మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

మందు వేశాక బొమ్మలా కూర్చుంటున్నాడు. నవ్వట్లేదు. ఇదేనా బాగవడం?

కాదు. మోతాదు ఎక్కువైందనో, ఆ మందు సరిపడలేదనో దానికి అర్థం. పైన చెప్పాను కదా, రసాయనం మరీ ఎక్కువైనా ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సరిగా పనిచేయదని. పిల్లాడు పిల్లాడిలాగే ఉండాలి, నవ్వాలి, అల్లరి చేయాలి, చెప్పింది వినగలగాలి. మోతాదు వయసునో బరువునో బట్టి ఒక్కసారే తేలేది కాదు, తక్కువతో మొదలుపెట్టి చూస్తూ పెంచుతారు. ఒకే బరువున్న ఇద్దరికి వేర్వేరు మోతాదులు పడొచ్చు. "నిశ్శబ్దంగా ఉన్నాడు కాబట్టి బాగానే ఉంది" అని టీచర్ మెచ్చుకున్నా సరే, ఇంట్లో పిల్లాడి ముఖం వాడిపోయి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మందు లేకుండా తగ్గదా? ఆహారం, యోగా, లేహ్యాలు?

ఆరేళ్ల లోపు పిల్లలకు ముందు మందు ఇవ్వరు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. పిల్లాడితో ఎలా మాట్లాడాలి, ఒక్కసారికి ఒక్క పని ఎలా చెప్పాలి, మంచిగా చేసిన వెంటనే ఎలా మెచ్చుకోవాలి అన్నవి నేర్పిస్తారు. ఆ వయసు దాటాక, లక్షణాలు బాగా ఇబ్బంది పెడుతుంటే, మందుకు సాటి వచ్చేది ఇప్పటికి లేదు. 1999లో వచ్చిన ఎంటీఏ ఫలితాల్లో 579 మంది పిల్లల్ని 14 నెలలు చూశారు, శ్రద్ధ, అతిచలనం విషయంలో జాగ్రత్తగా ఇచ్చిన మందు ఒక్క ప్రవర్తన చికిత్స కంటే బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో తక్కువ మోతాదు సరిపోయింది, ఇంట్లో, స్నేహాల్లో మేలు కనిపించింది. కానీ మూడేళ్ల తర్వాత చూస్తే ఆ గుంపుల మధ్య తేడాలు పోయాయి. నాకు దీని నుంచి తెలిసింది ఏమిటంటే, మందు పనిచేసే గంటలు ఉంటాయి, ఆ గంటల్లో అలవాట్లు నేర్పకపోతే మిగిలేది ఏమీ ఉండదు.

చక్కెర తింటే అతిచలనం పెరుగుతుందన్నది పరీక్షల్లో నిలవలేదు. చేపనూనె వల్ల మేలు ఉన్నా చాలా కొద్దిగా. వ్యాయామం మంచిదే, రోజూ ఆటకు పంపండి, చదువు పేరు చెప్పి ఆట మాన్పించడం మాత్రం ఈ పిల్లలకు నిజంగా అన్యాయం. మన ఇళ్లలో వాడే లేహ్యాలకు, జ్ఞాపకశక్తి టానిక్కులకు ఏడీహెచ్‌డీ మీద ఈ మందులకు ఉన్నంత గట్టి ఆధారాలు లేవు.

ఇనుము గురించి మాత్రం తప్పకుండా అడగండి. శరీరం డోపమైన్ తయారుచేసుకోవడానికి వాడే ఎంజైమ్‌కి ఇనుము కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూడకుండా శ్రద్ధ గురించి మాట్లాడటం సగం పని. చూపు, వినికిడి, గురక, నిద్ర కూడా చూపించాలి, గురక పెట్టి నిద్ర చెడిన పిల్లాడు పగలు అచ్చం ఏడీహెచ్‌డీ పిల్లాడిలా ఉంటాడు.

ఇంటర్ చదువుతున్నాడు, జబ్బేమీ లేదు. నీట్, జేఈఈ కోసం ఈ మాత్రలు వాడితే ర్యాంకు వస్తుందా?

వద్దు. 2023లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్లు ఏ సమస్యా లేని 40 మందికి మిథైల్‌ఫెనిడేట్, డెక్స్‌ఆంఫెటమిన్, మొడాఫినిల్ వేర్వేరు రోజుల్లో ఇచ్చి కష్టమైన లెక్కల లాంటి పజిళ్లు చేయించారు. ఎక్కువసేపు చేశారు, ఎక్కువ ఎత్తులు వేశారు, కానీ ఆ ఎత్తుల నాణ్యత తగ్గింది. మామూలుగా బాగా చేసేవాళ్లే మందు వేసుకున్నాక కిందికి పడ్డారు. పైగా నిద్ర పోతుంది, చదివింది మెదడులో నిలిచేది నిద్రలోనే. హాస్టల్లో ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడం చట్టప్రకారం కూడా నేరం.

మా అమ్మాయి అల్లరి చేయదు, కానీ ఎప్పుడూ ఏదో లోకంలో ఉంటుంది. ఇది కూడా ఏడీహెచ్‌డీయేనా?

కావచ్చు. అతిచలనం లేకుండా శ్రద్ధ లోపం మాత్రమే ఉండే రకం ఉంది, ఆడపిల్లల్లో అది తరచుగా కనిపిస్తుంది. క్లాసులో ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పెద్దయ్యాక దిగులు, ఆందోళన అని వైద్యానికి వెళ్తే అప్పుడు బయటపడుతుంది. నెలసరికి ముందు రోజుల్లో లక్షణాలు ఎక్కువవుతున్నాయని చాలామంది అమ్మాయిలు చెబుతారు, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌కీ డోపమైన్‌కీ సంబంధం ఉంది కాబట్టి అది ఊహ కాదు. డైరీలో రాసి డాక్టర్‌కి చూపించమనండి.

నాకు ముప్పై దాటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇప్పుడు చూపించుకోవచ్చా? అమెరికాలో ఆడరాల్ వాడేవాణ్ని, ఇక్కడ దొరకట్లేదు.

తప్పకుండా చూపించుకోండి. చిన్నప్పటి నుంచీ కొనసాగే ఏడీహెచ్‌డీ పెద్దవాళ్లలో రెండున్నర శాతం మందికి ఉంటుందని అంచనా. చిన్నప్పటి రిపోర్టు కార్డులు, అమ్మ చెప్పే సంగతులు పనికొస్తాయి. ఆడరాల్ లాంటి ఆంఫెటమిన్ మందులు మన దేశంలో అమ్మకంలో లేవు. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే అక్కడ ఉండగానే డాక్టర్‌తో మాట్లాడి మిథైల్‌ఫెనిడేట్‌కో ఆటోమాక్సెటిన్‌కో మారి, సరిపడిందో లేదో చూసుకుని రండి. సంచిలో పెట్టుకుని తెచ్చేస్తే సరిపోతుంది అనుకోవద్దు, ఇక్కడ చట్టం వేరు.

కాఫీ, డోపమైన్ డీటాక్స్?

కాఫీ వేరే దారిలో, అడినోసిన్ రిసెప్టర్లకు అడ్డుపడి పనిచేస్తుంది, మందుకు బదులు కాదు, రెండూ కలిస్తే గుండె దడ రావచ్చు. డీటాక్స్ అంటూ ఒకరోజు అన్నీ మానేస్తే డోపమైన్ శుభ్రమవడం అనేది ఏదీ జరగదు. ఫోన్ తగ్గించడం మంచిదే, దానికి ఆ పేరు అక్కర్లేదు.

ఎక్కడ చూపించాలి?

మందు సాధారణంగా సైకియాట్రిస్టు రాస్తారు, పిల్లలైతే పిల్లల సైకియాట్రిస్టు ఉంటే మేలు. సైకాలజిస్టులు పరీక్షలు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. ప్రభుత్వంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర సంస్థలో ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు పరీక్షలు చేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

స్కూల్లో ఏం చెప్పాలి? చెబితే ముద్ర వేస్తారేమో.

ఆ భయం న్యాయమైనదే, అందరికీ చెప్పక్కర్లేదు, రోజూ చూసే క్లాస్ టీచర్‌కి చెబితే చాలు. జబ్బు పేరు కంటే ఏం చేయాలో చెప్పండి. కిటికీకి దూరంగా ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. ఇరవై లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా ఐదేసి ఇచ్చి, ఐదూ అవగానే చూసి టిక్కు పెట్టమనండి, ఆ టిక్కు అప్పటికప్పుడు అందడమే ముఖ్యం. బోర్డు తుడవడానికో, చాక్‌పీసులు తేవడానికో మధ్యమధ్యలో పంపితే వాడికి లేచే వీలు దొరుకుతుంది. పరీక్షల్లో అదనపు సమయం కావాలంటే గుర్తుంచుకోండి, 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు, చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే అభ్యసన లోపాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి అవి కూడా ఉంటాయి, కాబట్టి వాటికి పరీక్ష విడిగా చేయించండి, అదీ పదో తరగతి దాకా ఆగకుండా.